ఆరేళ్ల వాడకం తర్వాత: మల్టీమీటర్, దాని పక్కన ఒక ఇండికేటర్ బల్బు

ఉప్పాడ నుంచి రాజమహేంద్రవరం చేపలు తోలే పెట్రోలు పికప్ నాది. ఆరేళ్లుగా దాని డాష్‌బోర్డు అరలో రెండు వస్తువులు ఉంటున్నాయి. ఒకటి వోల్టేజి కొలిచే పసుపు రంగు చిన్న డిజిటల్ మల్టీమీటర్. రెండోది నేను చేసుకున్న టెస్ట్ ల్యాంపు: హోల్డర్‌లో 21 వాట్ల ఇండికేటర్ బల్బు, రెండు వైర్లు, చివర క్లిప్పులు. ట్యాంకులోంచి ఇంజనుకు పెట్రోలు తోడే పంపుకు అందే కరెంటులో తేడా వస్తే ఈ రెండూ కలిపే వాడాలి. మీటరు ఒక్కదాన్నే నమ్మి నేను బాగున్న పంపును మార్పించాను.

అప్పుడు బండి ఎండ ముదిరాక దారిలో ఆగిపోయేది. సెల్ఫ్ తిరిగేది, ఇంజను అందుకునేది కాదు. తాళం తిప్పగానే ట్యాంకులోంచి రెండు సెకన్లపాటు వినిపించాల్సిన గుయ్‌మనే శబ్దం లేదు. ఫ్యూజు బాగుంది, పంపుకు కరెంటు కలిపే స్విచ్, అంటే రిలే, టక్కుమంటోంది. పంపు కప్లర్ (వైర్లు కలిసే ప్లగ్గు) ఊడదీసి మీటరు పెడితే తాళం తిప్పిన ప్రతిసారీ 12.4 వోల్టులు. కరెంటు వస్తోంది, పంపు తిరగడం లేదు, కాబట్టి పంపే పోయిందని మెకానిక్ అన్నారు, నేనూ అదే అనుకున్నాను. కొత్త పంపు వేసిన మూడో వారం బండి అదే ఎండలో మళ్లీ ఆగింది.

మీటరు చెప్పింది అబద్ధం కాదు. అది దాదాపు కరెంటే లాగదు కనుక వైరులో ఒక్క పోగు మిగిలినా, బోల్టు కింద తుప్పు పట్టినా నిండు వోల్టేజి చూపిస్తుంది. పంపుకు నాలుగైదు ఆంపియర్లు కావాలి. ఆ బరువు పడితేనే దారిలోని అడ్డు బయటపడుతుంది.

ఈసారి ముందు రిలే తీసి, కరెంటు వచ్చే 30, పంపుకు వెళ్లే 87 పిన్నుల రంధ్రాలను ఫ్యూజు ఉన్న వైరుతో కలిపాను. ఇలా చేయకపోతే ఇంజను తిరగడం లేదని గ్రహించి ఈసీయూ (ఇంజనును నియంత్రించే కంప్యూటరు) రెండు సెకన్లకే సరఫరా ఆపేస్తుంది, కొలిచే వ్యవధి ఉండదు. కప్లర్‌కు బల్బు తగిలిస్తే పొయ్యిలో ఆరిపోతున్న నిప్పులా ఎర్రగా మాత్రమే వెలిగింది. బల్బును అలాగే ఉంచి మీటరు పెడితే 8 వోల్టులు. మిగతాది ఎక్కడ పోతోంది? మీటరు నల్లవైరును బ్యాటరీ నెగటివ్‌కూ, ఎర్రవైరును కప్లర్ నెగటివ్‌కూ పెట్టాను. 4 వోల్టులు! అక్కడ 0.2 దాటకూడదు. దోషం ఎర్త్‌లో, అంటే కరెంటు ఛాసిస్ గుండా బ్యాటరీకి తిరిగి వెళ్లే దారిలో ఉంది.

ఛాసిస్ మీద ఎర్త్ బోల్టు సరిగ్గా చేపల పెట్టెల నుంచి ఉప్పునీరు కారే చోట ఉంది. దాని కింద ఉన్న వైరు చివరి రింగును బొటనవేలితో నొక్కితే బల్బు ఒక్కసారిగా తెల్లగా వెలిగింది, వేలు తీస్తే మళ్లీ ఎర్రబడింది. ఆ వెలుగు చూసినప్పుడు కలిగిన ఊరట ఇప్పటికీ గుర్తుంది. బోల్టు విప్పి, రింగునూ ఛాసిస్ ఇనుమునూ ఎమరీ కాగితంతో మెరిసేదాకా రుద్ది, బిగించి, పైన గ్రీజు పూశాను. మళ్లీ కొలిస్తే 0.1. పాత పంపును బ్యాటరీకి నేరుగా కలిపి ఒక్క క్షణం చూశాను, చక్కగా తిరిగింది. కొత్త పంపు వేసేటప్పుడు వైర్లు కదిలి బోల్టు కాస్త పట్టుకోవడం వల్లే ఆ మూడు వారాలు బండి నడిచిందని నా నమ్మకం.

లోపాలూ చెప్పాలి. మీటరు వైర్లు మెడ దగ్గర తెగుతాయి, ఇప్పటికి రెండు జతలు మార్చాను. లోపలి 9 వోల్టుల బ్యాటరీ నీరసిస్తే అంకెలు అసలు కంటే ఎక్కువ చూపిస్తుంది, అందుకే ముందు బండి బ్యాటరీ మీద సరిచూసుకుంటాను. బల్బును ఈసీయూ, సెన్సార్ వైర్లకు తగిలించకూడదు, అది లాగే కరెంటుకు ఈసీయూ లోపలి సర్క్యూట్ కాలిపోవచ్చు. ట్యాంకు మూత తెరిచి ఉన్నా, పెట్రోలు వాసన వస్తున్నా క్లిప్పులు ముట్టుకోవద్దు, ఒక్క నిప్పురవ్వ చాలు. వైరు తొడుగుకు సూదితో రంధ్రం చేసి కొలిచే అలవాటు మా తీరంలో అసలు పనికిరాదు, ఆ రంధ్రం గుండా ఉప్పుతేమ దిగి రాగి పచ్చబడుతుంది.

ఎల్‌ఈడీ టెస్టర్ కొనాలనుకునేవారు ఈ పనికి దాన్ని కొనవద్దు. మీటరులాగే అదీ తుప్పు పట్టిన వైరు మీద నిండుగా వెలుగుతుంది. 21 వాట్ల బల్బుతో అనుమానం తీరకపోతే పాత హెడ్‌లైటు బల్బు పెట్టండి. 55 వాట్ల ఫిలమెంట్ సుమారు నాలుగున్నర ఆంపియర్లు లాగుతుంది, ఇంచుమించు పంపు లాగినంత.