సెకండ్‌హ్యాండ్ గేర్‌బాక్స్ బిగించేటప్పుడు దగ్గరుండండి

బెంగళూరులో పాత కారుకు సెకండ్‌హ్యాండ్ గేర్‌బాక్స్ వేయించుకోబోతున్నవాళ్లు దయచేసి ఇది చదవండి. నాకు రెండుసార్లు కూలీ, ఒక క్లచ్ ప్లేటు, చివరికి కొన్న బాక్సు కూడా దండగయ్యాయి.

మాది 2013 మోడల్ చిన్న పెట్రోలు కారు. మూడో గేరులో గుయ్యిమని శబ్దం వస్తుంటే మారతహళ్లి వైపు ఒక షెడ్డులో చూపించాను. బేరింగులు పోయాయి, బాగుచేసే ఖర్చుకు పాత బాక్సే వస్తుందన్నారు. బాక్సు 18 వేలు, బిగింపు 6 వేలు. ఓనరు తెలుగులో మాట్లాడేసరికి మనవాళ్లే కదా అని ఇంకేమీ అడగలేదు.

సాయంత్రం ఇస్తామన్న బండి కోసం రాత్రి ఎనిమిదింటికి వెళ్లాను. ఒక కుర్రాడు కారు కింద అట్టముక్క మీద వెల్లకిలా పడుకుని ఉన్నాడు. బాక్సు జాకీ మీద ఉంది. దానికీ ఇంజిన్‌కూ మధ్య వేలు పట్టేంత సందు. మధ్యాహ్నం నుంచీ అదే పనట, పాపం. ఓనరు తొందరపెట్టడంతో రెండు పొడుగు బోల్టులు ఎక్కించి ర్యాచెట్‌తో బిగిస్తూ పోయాడు. సందు మూసుకుంటుండగా టక్కుమని చప్పుడు. ‘కూర్చుంది సార్’ అన్నాడు ఓనరు.

పదో రోజు అమ్మను తీసుకుని అనంతపురం బయల్దేరాను. చిక్కబళ్లాపుర దాటాక క్లచ్ వదిలినప్పుడల్లా బండి గడగడ వణికింది. బాగేపల్లి టోల్ దగ్గర ఫస్టు గేరు పడనే లేదు. వెనక లారీల హారన్లు, పక్కన అమ్మ కంగారు. ఆ టెన్షన్ పగవాడికి కూడా వద్దు.

అనంతపురంలో ఒక పెద్ద మెకానిక్ బాక్సు దించి, టార్చి వేసి చూపించారు. బెల్ హౌసింగ్, అంటే బాక్సు ఇంజిన్‌కు ఆనుకునే గంటలాంటి డొప్ప, అల్యూమినియం కదా, బోల్టు పట్టే చెవి దగ్గర వెంట్రుకంత పగులు. క్లచ్ ప్లేటు మధ్యభాగం వంగిపోయింది. ‘రెండు డోవెల్స్ ఉండాల నాయనా, ఒకటే ఉండాది’ అన్నారు. డోవెల్ అంటే చిటికెన వేలి కొనంత బోలు ఉక్కు గొట్టం. బాక్సును ఇంజిన్‌కు సరిగ్గా నడిమధ్యకు నిలబెట్టేది అదే. రెండోది నా పాత బాక్సుకే ఉండిపోయి ఉంటుంది. ఆ బాక్సు ‘మీకెందుకు సార్’ అంటూ షెడ్డువాళ్లే ఉంచుకున్నారు.

ఆయన చెప్పాకే నాకు అర్థమైంది. ఇలాంటి కార్లలో ఇంజిన్ అడ్డంగా ఉంటుంది, బాక్సు దాని చివరన. బ్యాటరీ, ఎయిర్ ఫిల్టర్ డబ్బా, డ్రైవ్ షాఫ్టులు తీసేసినా అక్కడ చోటు ఉండదు. కింది నుంచి వంచి, తిప్పి తేవాలి. బాక్సు షాఫ్టు పళ్లు క్లచ్ ప్లేటు పళ్లలోకి సూటిగా దిగాలి. ప్లేటు నడిమధ్యకు లేకపోయినా, బాక్సు కాస్త వాలినా దిగవు. జాకీ ఎత్తు, ఇంజిన్ వంపు సరిచేసుకుంటూ ఓపికగా నెడితే చేత్తోనే వచ్చి ఆనుకుంటుంది. బోల్టులు ఆ తర్వాత పట్టి ఉంచడానికే, లాక్కొచ్చి అతికించడానికి కాదు.

అందుకని బేరం దగ్గరే చెప్పేయండి, జాయింటు చేసేటప్పుడు నేనుంటానని. సందు మిగిలితే బిగించనివ్వకండి. దించి, క్లచ్ ప్లేటు మళ్లీ మధ్యకు పెట్టమనండి. రాత్రయితే రేపు చేయమనండి. బాక్సు ఇంకా నేల మీద ఉండగానే బోల్టు చెవులన్నీ తడిమి చూడండి, డోవెల్స్ రెండూ లెక్కపెట్టండి, ఆయిల్ సీళ్లు కొత్తవి వేయించండి. పాత బాక్సు మీదే, అడిగి తెచ్చుకోండి.

బిల్లు కూడా తీసుకోండి. నా దగ్గర తెల్లకాగితం మీద రాసిన లెక్క, యూపీఐ రసీదు మాత్రమే ఉన్నాయి. షెడ్డు ఆయనేమో ‘ఇక్కడ బాగానే వెళ్లింది, ఊళ్లో ఎవరో పాడుచేశారు’ అంటున్నాడు. వాటితోనే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేసి ఫిర్యాదు రాయించాను. తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్తాను. కేసు రెండేళ్లలోపు వేయాలి. చెల్లించిన సొమ్ము 5 లక్షల లోపైతే ఫీజు లేదు.

మారతహళ్లి, వైట్‌ఫీల్డ్ వైపు ఎవరైనా ఈ శని, ఆదివారాల్లో గేర్‌బాక్స్ దింపిస్తుంటే చెప్పండి. తోడుగా నేనూ వచ్చి నిలబడతాను.