పెన్నీల పెట్టెనా, హాఫ్ డాలర్ల పెట్టెనా?

అమెరికాలో బ్యాంకు నుంచి రోల్స్ (కాగితంలో చుట్టిన నాణేల కట్టలు) తెచ్చుకుని పాత నాణేలు వెతికేవారు ముందు తేల్చుకోవాల్సింది ఇదే. పెన్నీల (ఒక సెంటు నాణేల) పెట్టె 25 డాలర్లు: 50 రోల్స్, 2500 నాణేలు. హాఫ్ డాలర్లదైతే (50 సెంట్ల నాణేలు) 500 డాలర్లు, నాణేలు వెయ్యే. అక్కర్లేనివి మళ్లీ జమ చేసుకోవచ్చు గనక డబ్బు పోదు.

హాఫ్ డాలర్లలో వెతికేది వెండి కోసం. రోల్ విప్పి, నాణేలను వరసగా పేర్చి అంచులు చూడండి. మామూలు వాటికి ఎర్రటి రాగి గీత స్పష్టంగా కనిపిస్తుంది. 1964 నాటివీ అంతకుముందువీ 90 శాతం వెండి, అంచంతా తెల్లగా ఉంటుంది. చేజారిపోయేవి 1965–1970 నాటివి: వెండి 40 శాతమే, అంచు మసకగా ఉండి కన్ను మోసపోతుంది. అందుకే సంవత్సరం కూడా చదవాలి. అరిగిపోని నాణెమైతే తూకం చెప్పేస్తుంది: 90 శాతంది 12.5 గ్రాములు, 40 శాతంది 11.5, మామూలుది 11.34. అయితే పెట్టె మొత్తం గాలించినా ఒక్క వెండి నాణెం తగలకపోవడం మామూలే.

కొత్తవారికి, పిల్లలతో కూర్చునేవారికి పెన్నీలే మేలు. వెనకవైపు గోధుమ కంకుల బొమ్మ ఉన్న 1909–1958 నాటివి ఇప్పటికీ తగులుతుంటాయి. 1982లో రాగివీ (3.11 గ్రాములు), జింకువీ (2.5) రెండూ వచ్చాయి, కాబట్టి ఆ ఏడాదివి తూచాల్సిందే.

ఏది దొరికినా రుద్ది మెరిపించకండి. గీతలు పడ్డ నాణేనికి నాణేలు సేకరించేవారు ధర తగ్గిస్తారు. మెత్తటి పీవీసీ ప్లాస్టిక్ కవర్లూ వద్దు, వాటిలో నాణేలకు ఆకుపచ్చటి జిగురు పడుతుంది.