తుఫాను చెత్త లెక్కల ఉద్యోగం: అంబాజీపేట నుంచి ఇన్నేళ్ళు చేశాక

డెబ్రిస్ మానిటరింగ్‌లో, అంటే తుఫాను చెత్త లెక్క చూసే పనిలో, రిమోట్ ఉద్యోగాలున్నాయట, ఎలా ఉంటాయని అడిగేవాళ్ళు ఈ మధ్య మా వైపు ఎక్కువయ్యారు. బంధువుల పిల్లలు కూడా ఫోన్లు చేస్తున్నారు. ప్రతి ఒక్కరికీ మొదటి నుంచి చెప్పేకంటే ఒకసారి రాసి పెడితే నయమనిపించింది. 2021 చివర్లో, ఐడా హరికేన్ (అట్లాంటిక్ వైపు పెద్ద తుఫానుని అలా అంటారు) అమెరికాలో లూసియానా రాష్ట్రాన్ని కొట్టిపోయాక, హైదరాబాద్‌లోని ఒక బ్యాక్ ఆఫీస్ కంపెనీ ద్వారా ఇందులోకి వచ్చాను. అప్పటి నుంచి ఇదే పని. ఐదుకి మూడున్నర మార్కులు వేస్తాను. మిగతా ఒకటిన్నర ఎక్కడ పోయిందో చెప్పాలంటే పనేమిటో ముందు చెప్పాలి.

అమెరికాలో హరికేన్ వెళ్ళాక విరిగిన చెట్లు, తడిసిన పరుపులు, పైకప్పు ముక్కలు, పాడైన ఫ్రిజ్‌లు అన్నీ జనం ఇంటి ముందు రోడ్డు పక్కకి తెచ్చి పోస్తారు. మన జిల్లాలాంటి కౌంటీ ప్రభుత్వం కాంట్రాక్టర్లను పెట్టి ఎత్తిస్తుంది. కేంద్రం పెద్ద విపత్తుగా ప్రకటిస్తే, ఆ ఖర్చులో కనీసం 75 శాతం ఫెమా అనే సంస్థ ద్వారా తిరిగి ఇస్తుంది. అలా ఇవ్వాలంటే ఎక్కడ ఎత్తారో, ఎంత ఎత్తారో, ఎక్కడ దింపారో రుజువుండాలి. ఎత్తే కాంట్రాక్టరే ఆ లెక్క రాసుకుంటే ఏమవుతుందో మన వాళ్ళకి ఎవరూ విడమరిచి చెప్పక్కర్లేదు కదా. అందుకని లెక్క చూడటానికి వేరే కంపెనీని పెడతారు. అదే ఈ మానిటరింగ్.

ట్రక్కు పనిలోకి దిగే ముందే దాని బాడీని టేపుతో కొలుస్తారు. 18 అడుగుల పొడవు, 8 వెడల్పు, 6 ఎత్తు ఉందనుకోండి, 864 ఘనపుటడుగులు. ఒక క్యూబిక్ యార్డంటే 27 ఘనపుటడుగులు కాబట్టి, 27తో భాగిస్తే 32 క్యూబిక్ యార్డులు. ఆ అంకె రాసిన ప్లకార్డు ట్రక్కు పక్కన అంటిస్తారు. చెత్త దింపే సైట్ దగ్గర మన పొలాల్లో మంచెలాంటి టవర్ ఒకటి ఉంటుంది. దాని మీద నిలబడ్డ మానిటర్ ట్రక్కులోకి చూసి ఎంత శాతం నిండిందో చెబుతాడు. 85 శాతం అంటే 27.2 యార్డులు. యంత్రంతో కాకుండా చేత్తో నింపిన ట్రెయిలర్ అయితే కొమ్మల మధ్య ఖాళీ ఎక్కువ కాబట్టి అందులో సగమే లెక్కలోకి వస్తుంది. ఇదంతా ఒక లోడ్ టికెట్ మీదకి ఎక్కుతుంది. ఒకప్పుడు కాగితం, ఇప్పుడు చేతిలో పట్టుకునే పరికరం. జీపీఎస్, ఫోటో, టైము అన్నీ దానంతట అదే తీసుకుంటుంది.

అక్కడి నుంచే నా పని. ఆ రోజు వచ్చిన టికెట్లు పోర్టల్‌లో తెరిచి, పొసగనివి పక్కన పెట్టాలి. ముప్పై మైళ్ళ దూరంలో చెత్త ఎత్తిన ట్రక్కు దింపేసి పావుగంటలో మళ్ళీ అక్కడే లోడ్ ఎత్తినట్టుంటే ఆగి చూడాలి. జీపీఎస్ చుక్క చెరువు మధ్యలో పడితే చూడాలి. ఒకే టవర్ నుంచి పొద్దున్నుంచి సాయంత్రం దాకా అన్నీ వంద శాతాలే వస్తుంటే తప్పకుండా చూడాలి, ఎందుకంటే కొమ్మల లోడ్ ఎప్పుడూ అంచుల దాకా సర్దుకోదు. ఒకసారి ఒక ట్రక్కు ఫోటోల్లో బాడీ పైన చెక్కలు కట్టి ఎత్తు పెంచినట్టు కనిపించింది. ప్లకార్డు మీద మాత్రం పాత అంకే. సైట్ వాళ్ళకి రాస్తే మళ్ళీ కొలిపించారు. అలాంటి రోజు రాత్రి ఎంతసేపు కూర్చున్నా బడలిక తెలియదు. ఈ ఉద్యోగంలో నాకు నిజంగా నచ్చిన భాగం ఇది. బీకాం చదివి డేటా ఎంట్రీలో పడ్డవాళ్ళకి, తల పెట్టి ఆలోచించే పని దొరకడం చిన్న విషయం కాదు.

చెట్ల టికెట్లు ఇంకో రకం. విరిగి పైన వేలాడే కొమ్మను హ్యాంగర్ అంటారు, విరిగిన చోట రెండంగుళాల కంటే లావుంటేనే డబ్బు. ప్రమాదంగా ఒరిగిన చెట్టయితే నేల నుంచి నాలుగున్నర అడుగుల ఎత్తున కనీసం ఆరంగుళాలు ఉండాలి. మొదళ్ళకి ఇంకో కొలత. ఫోటోలో టేపు అంకె చదవడానికి వీల్లేకపోతే టికెట్ పక్కకి పోతుంది. ఇక్కడే గొడవలు ఎక్కువ. అక్కడ ఎండలో నిలబడి ఫోటో తీసినవాడికి ఇక్కడ ఫ్యాన్ కింద కూర్చుని కాదన్న నా మీద కోపం రావడం సహజం. ఆ కోపం మెయిళ్ళలో మర్యాదగానే ఉంటుంది కానీ తెలుస్తుంది.

ఇప్పుడు రిమోట్ సంగతి. ప్రకటనల్లో కనిపించే డెబ్రిస్ మానిటర్ ఉద్యోగాల్లో చాలావరకు ఇంట్లో కూర్చుని చేసేవి కావు. టవర్ మీద, రోడ్డు మీద నిలబడాలి. అమెరికాలో పనిచేసే హక్కు, అక్కడి డ్రైవింగ్ లైసెన్సు అడుగుతారు. ఇంటి నుంచి చేయగలిగేవి టికెట్ల తనిఖీ, ఇన్‌వాయిస్‌లు టికెట్లతో సరిపోల్చడం, మ్యాపులు, ఫెమాకి పెట్టే కాగితాలు సిద్ధం చేయడం, అంతే. ఇందులోనూ మనకి నేరుగా దొరికేవి తక్కువ, మధ్యలో ఒకరిద్దరు సబ్ కాంట్రాక్టర్లు ఉంటారు. కాబట్టి "డెబ్రిస్ మానిటర్, ఇంటి నుంచి, రిజిస్ట్రేషన్ ఫీజు ఇంత" అని వాట్సాప్‌లో వచ్చే మెసేజ్‌ని చదవకుండానే తీసేయండి. మా ఊరి కుర్రాడొకడు కట్టాడు. డబ్బూ రాలేదు, ఆ నంబరూ పలకడం లేదు.

టైము. ఫ్లోరిడాలో పొద్దున ఏడంటే మనకి సాయంత్రం నాలుగున్నర. నవంబరులో వాళ్ళు గడియారం వెనక్కి తిప్పుకున్నాక ఐదున్నర. అక్కడ చీకటి పడి సైట్లు మూసేసరికి ఇక్కడ తెల్లవారుజాము. ఆ రోజు టికెట్లు మర్నాడు ట్రక్కులు కదిలేలోపు చూసేయాలి. సీజన్లో నేను పడుకునే వేళకి మా అత్తయ్య గారు లేచి వాకిట్లో కళ్ళాపి చల్లుతుంటారు. మొదట్లో ఆవిడ అడిగారు, "ఏమ్మా, ఎక్కడో వాళ్ళ చెట్టు పడితే నీకు జీతమా?" అని. "ఆయ్" అన్నాను, ఇంకేమంటాను. నిజం చెప్పాలంటే జూన్ ఒకటి నుంచి నవంబరు ఆఖరు దాకా అట్లాంటిక్ మ్యాపు చూడటం అలవాటైపోయింది. తుఫాను లేస్తుందన్న ఎర్ర గుర్తు కనిపిస్తే ముందు పని వస్తుందన్న ఆశ, వెంటనే అక్కడి జనం గుర్తొచ్చి ఒక ఇబ్బంది. రెండోది ఏడాదికేడాదికి తగ్గుతుంటే అదొక టెన్షన్.

నేను చూసిన వాటిలో గట్టి సీజన్ 2024. సెప్టెంబరు 26న హెలీన్ వచ్చింది. ఫ్లోరిడా పడమటి తీరంలో ఇళ్ళ ముందు గుట్టలు లేచాయి. అవి ఎత్తుతుండగానే మిల్టన్ బయల్దేరింది, అక్టోబరు 9న తాకింది. మధ్యలో ఆ గుట్టలు గాలికి లేచి జనం మీద పడతాయని రాష్ట్ర ప్రభుత్వం రాత్రింబవళ్ళు ఎత్తించింది. టికెట్లు వచ్చిపడుతూనే ఉన్నాయి. ఆ తర్వాత అసలు చిక్కు. రెండు తుఫాన్లకీ వేరు వేరు విపత్తు ప్రకటనలు, వేరు వేరు ఖాతాలు. రోడ్డు పక్కన గుట్ట మాత్రం ఒకటే. అడుగున హెలీన్ సోఫా, పైన మిల్టన్ కొమ్మ. ఏది దేని కింద రాయాలి? తేదీలు, ఫోటోలు, ముందు ఏ వీధి దాకా ఎత్తారన్న రికార్డు పట్టుకుని విడదీస్తూ నెలలు కూర్చున్నాం. జీతం కూడా ఆ నెలల్లోనే బాగా వచ్చింది. ఓవర్‌టైమ్ కలిపితే అమలాపురంలో ప్రైవేటు కాలేజీలో పాఠాలు చెప్పే మా స్నేహితురాలి కంటే ఎక్కువే.

ఆమెకి మాత్రం ప్రతి నెలా వస్తుంది. అదీ తేడా. 2025లో అమెరికా ప్రధాన భూభాగాన్ని ఒక్క హరికేన్ కూడా తాకలేదు. 2015 తర్వాత అలా జరగడం అదే మొదటిసారి. వాళ్ళకి మంచిదే. మాకు మాత్రం పాత తుఫాన్ల మిగులు కాగితాలు అయిపోయాక పని లేదు. ఆ జనవరిలో లాస్ ఏంజెలెస్ మంటల శిథిలాల పని పెద్దదే, కానీ అది అమెరికా సైన్యంలోని ఇంజినీరింగ్ విభాగం, ఆర్మీ కోర్ ఆఫ్ ఇంజినీర్స్ నడిపించింది, మా దాకా రాలేదు. కంపెనీ మమ్మల్ని బెంచ్ మీద పెట్టి జీతంలో కోత వేసింది, అదీ ముందు చెప్పకుండా, జీతం పడే రోజు. ఒకటిన్నర మార్కుల్లో ఒక మార్కు ఇక్కడ పోయింది. పైగా అదే ఏడాది మొదట్లో ట్రంప్ ప్రభుత్వం ఫెమాను ఎలా మార్చాలో చూడమని ఒక కౌన్సిల్ వేసింది. ఖర్చు రాష్ట్రాల మీదకి తోస్తే ఈ తనిఖీ పని ఎంత మిగులుతుందో చూడాలి. పదేళ్ళ కెరీర్ అని లెక్క వేసుకుని ఇందులోకి దిగేవాళ్ళు ఈ వార్తలు చదువుతూ ఉండాలి.

మిగతా అర మార్కు మన వైపుది. ఇక్కడ తుఫాన్ల కాలం, అక్కడ హరికేన్ల కాలం అక్టోబరు, నవంబరుల్లో ఒకదాని మీద ఒకటి పడతాయి. గాలి మొదలవగానే కరెంటు తీసేస్తారు, తీయాలి కూడా. ఇన్వర్టర్ ఒక పూట లాగుతుంది. ఫైబర్ వైరు స్తంభంతో పాటు పడిపోతుంది. రెండు వేరు వేరు కంపెనీల సిమ్‌లు పెట్టుకున్నా సెల్ టవర్‌కి డీజిల్ అయిపోతే రెండూ ఒకటే. 2022 మేలో అమలాపురం గొడవల తర్వాత జిల్లాలో ఇంటర్నెట్ ఆపేసినప్పుడు లాప్‌టాప్ పట్టుకుని చించినాడ వంతెన దాటి పాలకొల్లులో మా పిన్ని గారింట్లో దిగాను. సిగ్నల్ కోసం గోదావరి దాటినవాళ్ళు ఆ రోజుల్లో నేనొక్కదాన్నే కాదు. హైదరాబాద్‌లో ఉన్న మా టీమ్ లీడ్‌కి ఇది ఎన్నిసార్లు చెప్పినా "మొబైల్ హాట్‌స్పాట్ ట్రై చేశారా?" అనే అడుగుతారు.

2025 అక్టోబరు 28 రాత్రి మొంథా నర్సాపురం వైపు తీరం దాటింది. నాకు పని లేని ఏడాది కాబట్టి మొదటిసారి తుఫాను రాత్రి లాప్‌టాప్ గొడవ లేకుండా కూర్చున్నాను. మర్నాడు మా మామయ్య గారితో తోటలోకి వెళ్ళాను. 1996 నవంబరు 6 తుఫానుకి ఆయన కొబ్బరి తోట దాదాపు నేలమట్టమైంది, మళ్ళీ నాటి కాపుకి తెచ్చుకోవడానికి ఏళ్ళు పట్టింది. అందుకని పడిన చెట్లు చూసి ఆయన పెద్దగా కంగారు పడలేదు. నా పని గురించి మాత్రం ఆ రోజే వివరంగా అడిగారు.

"చెట్టు ఎవరిదో రాస్తారా?"

"రోడ్డు పక్క గుట్టకి రాయరండి. ఎక్కడ ఎత్తారు, ఎన్ని యార్డులు, అంతే."

"అయితే అది చెత్త లెక్క. నష్టం లెక్క కాదు."

ఇన్నేళ్ళలో నాకు ట్రైనింగ్ ఇచ్చిన ఎవరూ ఇంత సూటిగా చెప్పలేదు. మన దగ్గర ఇది తిరగబడి ఉంటుంది. ఉద్యాన శాఖ వాళ్ళు రైతు పేరు, చెట్ల సంఖ్య రాసుకుంటారు, పరిహారం దాన్ని బట్టి. పడిన చెట్టు ఎవరు తీయాలి, ఎక్కడ వేయాలి అన్నది రైతు తంటా. రోడ్డు మీద పడినవి రంపాలు పట్టుకొచ్చి కోసి పక్కకి నెట్టేస్తారు. తోటలో పడినవి అక్కడే ఉంటాయి. కొబ్బరి మొద్దు కుళ్ళితే దాంట్లో కొమ్ము పురుగు గుడ్లు పెడుతుంది, పిల్ల పురుగులు అందులోనే పెరిగి, రెక్కలొచ్చాక నిలబడ్డ చెట్ల మొవ్వు తొలుస్తాయి. అంటే చెత్త ఎత్తకపోతే నష్టం ఇంకో రెండేళ్ళు నడుస్తుంది. మా అంబాజీపేటలో ఉద్యాన పరిశోధన స్థానం ఉంది, పురుగు సంగతి ఇక్కడి రైతులకి కొత్త కాదు. కానీ మొద్దులు ఎత్తడానికయ్యే ఖర్చు ఎవరిదన్న దగ్గర మాట ఆగిపోతుంది. అక్కడి పద్ధతి మొత్తం ఇక్కడికి తెమ్మని నేననను, ఆ టికెట్లకయ్యే ఖర్చు కూడా తక్కువేం కాదు. దింపే సైట్ ఒకటి, ట్రిప్పుకో ఫోటో, పంచాయతీ స్థాయిలో ఆ మాత్రం పెట్టగలిగితే మా తోటల్లో పురుగు తగ్గుతుందని మాత్రం అనిపిస్తుంది. ఈ ఉద్యోగం రాకపోతే నాకు ఈ ఆలోచనే వచ్చేది కాదు.

ఎవరికి పనికొస్తుందంటే, ఇంట్లో ఇంకో నికరమైన ఆదాయం ఉన్నవాళ్ళకి, రాత్రి మేలుకోగలిగేవాళ్ళకి, ఎక్సెల్ బాగా వచ్చి అనుమానపు బుద్ధి కాస్త ఉన్నవాళ్ళకి. ఇంగ్లీషు మాట్లాడటం కంటే రాయడం ముఖ్యం, ఎందుకు కాదన్నామో రెండు వాక్యాల్లో రాయాలి, ఏళ్ళ తర్వాత ఆడిట్‌లో దాన్ని ఎవరైనా తెరవొచ్చు. మ్యాపుల సాఫ్ట్‌వేర్ కూడా నేర్చుకుంటే మంచిది. డూప్లికేట్ టికెట్లను ఇప్పుడు సిస్టమే పట్టేస్తోంది, ఊరికే సరిచూసే పని ఇంకా తగ్గుతుంది. పెళ్ళికోసమో ఇంటి లోనుకోసమో నెల జీతం చూపించాల్సినవాళ్ళు దీన్నొక్కదాన్నే నమ్ముకోవద్దు.

చేరేముందు మూడు ప్రశ్నలు మెయిల్‌లోనే అడగండి, ఫోన్లో వద్దు. సీజన్ లేనప్పుడు ఎంత ఇస్తారు, కోత వేస్తే ఎన్ని రోజుల ముందు చెబుతారు, కరెంటు, నెట్ పోయిన రాత్రి సెలవు కింద కోస్తారా. ఈసారి స్టాండ్‌బై కాంట్రాక్టు, అంటే తుఫాను వస్తే పిలుస్తామన్న ఒప్పందం, వచ్చినప్పుడు నేను ఇవే అడిగాను. మొదటి రెండిటికీ జవాబు వచ్చింది. మూడోది వాళ్ళ హెచ్‌ఆర్ చూస్తున్నారట.