"పాత తీగల వైన్" అన్న మాట నమ్మి కొనకండి, తీగలు ఎప్పుడు నాటారో అడగండి

రెడ్ వైన్ కొనేవాళ్లు ఒకసారి ఇది చదవండి. "పాత తీగల నుంచి, అతి తక్కువ దిగుబడితో" అని లేబుల్ మీద పెద్దక్షరాలతో రాసిన గ్రెనాష్ (ఇదొక ఎర్ర ద్రాక్ష రకం) వైన్ సీసాలు ఆన్‌లైన్‌లో ఒక వ్యాపారి దగ్గర తెప్పించుకున్నాను, అదే రకం మామూలు వైన్‌కి అయ్యేదానికి రెట్టింపు ధర పెట్టి. వచ్చిన సరుకు బాగాలేదు. అంతకన్నా కోపం తెప్పించింది వాళ్లిచ్చిన జవాబు. ఏ లోపం చూపించినా ఒకటే మాట, "పాత తీగల వైన్ అలాగే ఉంటుందండీ, అలవాటు పడాలి" అని. అది అబద్ధం. కొత్తగా కొనేవాళ్లు ఆ మాట విని తమకే తెలియదేమో అనుకుని ఊరుకుంటారు, అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

ఒక సీసాలో బిరడా కొంచెం పైకి లేచి ఉంది, మూత మీది రేకు కింద వైన్ కారి జిగటగా ఎండిపోయింది. ఇది ఎండలోనో వేడి గోదాములోనో పడి ఉన్న సరుకుకి గుర్తు. వేడికి వైన్ వ్యాకోచించి బిరడాని పైకి నెడుతుంది, తర్వాత ఆ సందులోంచి గాలి లోపలికి పోతుంది. తాగి చూస్తే తాజా పండు రుచే లేదు, ఉడికించిన పండ్ల పాకంలా ఉంది, గ్లాసు వంచి చూస్తే అంచున ఇటుక రంగు. గ్రెనాష్ రంగు సహజంగానే కొంచెం లేత, గాలి తగిలితే తొందరగా మారుతుంది, ఒప్పుకుంటాను. కానీ లేబుల్ మీద ఉన్న పంట సంవత్సరం ఈమధ్యదే, అప్పుడే ఆ రంగు రాకూడదు. దీనికి వాళ్లు "తీగలు పాతవి కదా" అన్నారు! తీగ వయసు వేరు, వైన్ వయసు వేరు. వందేళ్ల తీగ కాసిన ద్రాక్షతో నిరుడు చేసిన వైన్ కూడా కొత్త వైనే.

ఇంకో సీసాకి బిరడా బాగానే ఉంది, కానీ వైన్ తియ్యగా, వెనిల్లా వాసనతో, వగరు లేదు పులుపు లేదు, నాలుక మీద బరువు తప్ప ఏమీ లేదు. "తక్కువ దిగుబడి వల్ల చిక్కదనం" అని సమాధానం. పాత తీగ గెలలు తక్కువ కాస్తుంది, చాలాసార్లు పండ్లు కూడా చిన్నవిగా ఉంటాయి, రసంతో పోలిస్తే తొక్క ఎక్కువ కాబట్టి రంగూ వగరూ గట్టిగా వస్తాయి, అంతవరకు నిజమే. స్పెయిన్‌లో ప్రియొరాట్ కొండవాలుల్లో, పలకరాతి నేలలో ఉన్న ముసలి గ్రెనాష్, కారిన్యాన్ తీగల్లో చాలావాటికి ఒక్కోదానికి కిలో ద్రాక్ష కూడా రాదు. కానీ అక్కడి వైన్‌లో చిక్కదనంతో పాటు పులుపూ వగరూ నిలబడి ఉంటాయి, మింగాక కూడా రుచి చాలాసేపు ఉంటుంది. చక్కెర మిగిలిపోయి వచ్చిన తీపినీ, ఓక్ చెక్కముక్కలు వేస్తే కూడా వచ్చే వెనిల్లా వాసననీ తీగ వయసు ఖాతాలో వేస్తే ఎలా? పైగా దిగుబడి తగ్గడానికి వయసొక్కటే కారణం కాదు. వైరస్ పట్టినా, మొదలు కుళ్లే తెగులు వచ్చినా, వాన లేకపోయినా, తోటలో సగం తీగలు చచ్చి ఖాళీలు పడినా ఎకరానికి వచ్చే పంట పడిపోతుంది. ఆ అంకె చూసి వైన్ బాగుంటుందని అనుకోలేం.

అసలు సమస్య లేబుల్ మీద ఆ మాటతోనే ఉంది. ఎన్నేళ్లు దాటితే పాత తీగ అనాలో చాలా దేశాల్లో చట్టం చెప్పదు, ఫ్రాన్స్‌లో కూడా అంతే. పాతికేళ్ల తోట ఉన్నవాడూ రాసుకోవచ్చు, ఎనభై ఏళ్ల తోట ఉన్నవాడూ రాసుకోవచ్చు. ఆస్ట్రేలియాలో బరోసా అనే వైన్ ప్రాంతం వాళ్లు 2009లో తమంతట తాము ఒక పద్ధతి పెట్టుకున్నారు, 35 ఏళ్లు దాటితే ఓల్డ్, 70 దాటితే సర్వైవర్, 100 దాటితే సెంటినేరియన్, 125 దాటితే యాన్సెస్టర్. దక్షిణాఫ్రికాలో ఓల్డ్ వైన్ (Vine, అంటే తీగ) ప్రాజెక్ట్ వాళ్లది ఇంకా నచ్చింది నాకు, 35 ఏళ్లు నిండిన తోటల వైన్‌కి ఒక ముద్ర వేస్తారు, దాని మీద తోట నాటిన సంవత్సరం ఉంటుంది. అంతర్జాతీయ ద్రాక్ష, వైన్ సంస్థ ఓఐవీ కూడా 2024లో అదే 35 ఏళ్లని నిర్వచనంగా పెట్టింది, తోట మొత్తాన్ని పాతది అనాలంటే అందులో కనీసం 85 శాతం తీగలు ఆ వయసువి కావాలంది. కాకపోతే అది సిఫార్సే, ఆ మాట వాడేవాళ్లంతా పాటించి తీరాలని లేదు.

నాకొచ్చిన లేబుల్ మీద దేశం పేరు తప్ప ప్రాంతం లేదు, తోట పేరు లేదు, తీగలు నాటిన సంవత్సరం లేదు. నాటిన ఏడాది చెప్పమని రాస్తే "అది తయారీదారుల రహస్యం" అన్నారు. నిజంగా ముసలి తోట ఉన్నవాళ్లు దాన్ని దాచరు, అడక్కపోయినా చెప్తారు, వాళ్ల గర్వమే అది. ఈ వ్యాపారుల మీద నాకు ఇంత మంట ఎందుకంటే, దెబ్బ పడేది ఆ రైతుల మీదే. కాపు తక్కువ, చాకిరీ ఎక్కువ, ధర రాకపోతే పీకేయడమే దారి. 1980ల్లో సౌత్ ఆస్ట్రేలియా ప్రభుత్వం డబ్బులిచ్చి మరీ తీగలు పీకించింది, బరోసాలో ఎన్నో ముసలి షిరాజ్, గ్రెనాష్ తోటలు అప్పుడే పోయాయి. మిగిలినవి బతకాలంటే ఆ పేరుకి విలువ ఉండాలి, అది కాస్తా ఇలాంటి సీసాల మీద అరిగిపోతోంది.

కాబట్టి కొనేముందు తోట ఎక్కడ, ఎప్పుడు నాటారు, సీసాలో ఎంత శాతం ఆ తీగల ద్రాక్ష అని రాతపూర్వకంగా అడగండి. సీసా రాగానే తెరవకముందే బిరడా భాగం, రేకు, లేబుల్ ఫొటోలు తీయండి, లేకపోతే తర్వాత మీరే పాడు చేశారంటారు. తడిసిన అట్టపెట్టె వాసన వస్తే అది బిరడా నుంచి వచ్చిన కాలుష్యం, ఎంతసేపు గాలికి పెట్టినా పోదు, టెన్షన్ పడకుండా వెనక్కి పంపేయండి. అడుగున మడ్డి కనిపిస్తే మాత్రం గొడవ పెట్టుకోవద్దు, వడకట్టని రెడ్ వైన్‌లో అది మామూలే.

కారిన సీసాకి డబ్బు వెనక్కి ఇచ్చారు, అదీ ఫొటోలు పంపాక. తియ్యటిదానికి ఇవ్వలేదు, "రుచి మీ ఇష్టాఇష్టాలకి సంబంధించింది" అన్నారు, ఇంకా వాదిస్తున్నాను. ఆ సరుకు ఇప్పటికీ అదే వర్ణనతో అమ్మకానికి ఉంది.