ఎడిటర్ బానే ఉంది, ఓఎస్ మార్చమనడమే మంట (3/5)

పేరు చెప్పను గానీ నేను వాడే వీడియో ఎడిటర్ కొత్త వెర్షన్ గురించి ఇది. ఆడియోలో గోల తీసేసే ఫీచర్ కోసమే డబ్బులు కట్టా, తీరా ఇన్‌స్టాల్ కొడితే "మీ ఆపరేటింగ్ సిస్టమ్ పాతది" అని ఒక డబ్బా వచ్చింది, అందులో ఓకే తప్ప ఇంకో బటన్ కూడా లేదు. 16 జీబీ ర్యామ్ ఉంది, గ్రాఫిక్స్ కార్డూ ఉంది, ఇంక దేనికి తక్కువైందో!

కొత్త ఓఎస్‌లోనే ఉండే డ్రైవర్ మోడల్ (గ్రాఫిక్స్ కార్డుతో ఓఎస్ మాట్లాడే పద్ధతి) నిజంగా కావాలంటే సరే అనుకోవచ్చు. గేముల గ్రాఫిక్స్ నడిపే మైక్రోసాఫ్ట్ సాఫ్ట్‌వేర్ డైరెక్ట్‌ఎక్స్ ఉందిగా, దాని 10వ వెర్షన్ విండోస్ విస్టాకే ఇచ్చినప్పుడు ఆ కారణమే చెప్పారు, అంతకుముందు విండోస్ ఎక్స్‌పీ వాళ్ళు అలాగే ఉండిపోయారు. మరి డైరెక్ట్‌ఎక్స్ 12 సంగతేంటి? 2015లో విండోస్ 10తో వచ్చింది, పాతవాటికి లేదన్నారు, 2019కి వచ్చేసరికి వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్ గేమ్ కోసం విండోస్ 7లో కూడా నడిపించారు. అంటే మనసుంటే మార్గం ఉందనేగా.

సరే, తప్పక ఓఎస్ మార్చా. రాత్రంతా పట్టింది, పొద్దున చూస్తే పాత స్కానర్ ఉలుకూ పలుకూ లేదు. ఎడిటర్ మాత్రం, అబద్ధం ఎందుకు, ఫ్యాన్ గోలలో రికార్డ్ చేసిన క్లిప్ ఇస్తే గొంతు ఒక్కటే శుభ్రంగా బయటికి తీసింది, నేనే రెండుసార్లు విన్నా. పాత ఓఎస్ వాళ్ళు కొనేముందు రిక్వైర్‌మెంట్స్ చూసుకోండి, పేజీ అడుగున చిన్న అక్షరాల్లో ఉంటాయి, నేను చూళ్ళేదు. స్కానర్‌కి డ్రైవర్ ఇంకా వెతుకుతూనే ఉన్నా.