గొలుసు పాఠాలా, విడి పాఠాలా?

డేటా విశ్లేషణ కొత్తగా నేర్చుకునేవాళ్లకి లూపులు (ఒకే పనిని మళ్లీమళ్లీ చేయించే కోడ్) ఒక రోజు, ఫంక్షన్లు (పేరు పెట్టి కావాల్సినప్పుడు పిలుచుకునే కోడ్ ముక్కలు) ఒక రోజు, గ్రాఫులు చివర్లో అని విడివిడిగా చెప్పడం ఒక పద్ధతి. ఒకే డేటా ఫైలు పట్టుకుని, నిన్నటి కోడ్ మీదే ఇవాళ్టి పాఠం కట్టడం రెండోది, అదే గొలుసు. నా ఓటు రెండోదానికే.

1936లో గణాంక శాస్త్రవేత్త ఫిషర్ ప్రచురించిన ఐరిస్ పూల డేటానే తీసుకోండి: మూడు జాతులు, 150 పూలు. మొదటి పాఠంలో ఫైలు తెరిచి పూరేకుల పొడవుకి సగటు కడితే దాదాపు 3.76 సెంటీమీటర్లు వస్తుంది. రెండో పాఠంలో అదే కాలమ్‌కి హిస్టోగ్రామ్ (ఏ పొడవులో ఎన్ని పూలున్నాయో పట్టీలుగా చూపే గ్రాఫ్) గీస్తే, 1.9కీ 3కీ మధ్య ఒక్క పువ్వూ కనపడదు. "ఈ ఖాళీ ఏంటి?" అని వాళ్లే అడుగుతారు. అప్పుడు జాతులవారీగా విడగొట్టడం, దానికోసం లూప్ రాయడం మూడో పాఠం. లూప్ ఎందుకో వేరే చెప్పక్కర్లేదు. విడి పాఠాల్లో ఆ ప్రశ్న పుట్టదు, ఒకటి నుంచి పది దాకా అంకెలు ప్రింట్ చేయడంతో సరిపోతుంది.

గొలుసుకి ఒక చిక్కుంది. ఒక క్లాసు తప్పితే మర్నాడు ఏ వేరియబుల్ (కోడ్‌లో విలువకి పెట్టిన పేరు) ఎక్కడిదో తెలియక టెన్షన్. అందుకే ప్రతి పాఠం మొదట్లో అప్పటిదాకా రాసిన కోడ్ మొత్తం ఫైలుగా ఇచ్చి తీరాలి. ఇప్పటికే కోడింగ్ వచ్చి, గ్రాఫ్ గీయడం మాత్రమే కావాల్సినవాళ్లకి విడి పాఠమే హాయి.