పూర్తిగా నొక్కేదాకా వదలని టూల్: ఏఎఫ్‌ఎమ్8 గురించి, చాలాకాలం వాడాక

వైరు కొసను లోహపు పిన్నులో పెట్టి గట్టిగా నొక్కి బిగించడానికి డేనియల్స్ కంపెనీ చేసిన ఏఎఫ్‌ఎమ్8 క్రింపింగ్ టూల్‌లో నాకు అన్నిటికన్నా ఇష్టమైనది దాని రాట్చెట్. హ్యాండిల్ నొక్కడం మొదలుపెట్టామంటే చివరిదాకా నొక్కాల్సిందే. మధ్యలో ఎవరైనా పిలిచినా, చేయి అలసినా, పిన్ కాస్త వంకరగా ఉందేమో అన్న అనుమానం వచ్చినా అది వెనక్కి తెరుచుకోదు. నొక్కడం పూర్తయ్యాకే వదులుతుంది. అంటే ఈ టూల్ నుంచి సగం నొక్కిన పిన్ బయటికి రాదు. ఈ ఒక్క గుణం కోసమే జీతంలోంచి కొంచెం కొంచెం దాచి, సొంతానికి ఒకటి కొనుక్కున్నాను. సెకండ్ హ్యాండ్‌దే. కొత్తది కొనాలంటే ఆ రోజుల్లో నా నెల జీతం సరిపోదు.

మిలిటరీ నంబరు ఎం22520/2-01, 20 నుంచి 32 గేజ్ దాకా వైర్లు (గేజ్ అంటే వైరు మందాన్ని చెప్పే అంకె), ఎంత లోతుకు నొక్కాలో ఎంచుకునే ఎనిమిది అంకెల సెలెక్టర్... ఈ పనిలో ఉన్నవాళ్లందరికీ ఇవి తెలిసినవే కాబట్టి వాటి జోలికి పోవడం లేదు. మాది జడ్చర్ల. పని శంషాబాద్ వైపు. చిన్న విమానాల్లో రేడియో, ఇంటర్‌కామ్, ట్రాన్స్‌పాండర్ (రాడార్‌కు జవాబిచ్చే పరికరం) వైరింగ్ చూస్తాను. నా చేతికి ఎక్కువగా వచ్చేవి డి-సబ్ కనెక్టర్లు (రేడియో డబ్బాల వెనక ఉండే, డి అక్షరం ఆకారపు ప్లగ్గులు), వాటి 20 సైజు పిన్నులు, 22 గేజ్ టెఫ్‌జెల్ వైరు. కాబట్టి నేను చెప్పేదంతా ఆ పనికే వర్తిస్తుంది. బ్యాటరీ కేబుల్ లగ్గులు నొక్కేవాళ్లకు ఈ టూల్‌తో పనే లేదు.

ఈ రాట్చెట్ అంటే నాకు ఇంత ఇష్టం ఎందుకో కొత్తగా వచ్చిన పిల్లలకు మొదట అర్థం కాదు. మహబూబ్‌నగర్ ఐటీఐలో చదివి వచ్చిన తమ్ముళ్లకు సోల్డరింగ్ బాగా వచ్చు. "అన్నా, సోల్డర్ పెడితే ఇంకా గట్టిగ ఉంటది కదా?" అని అడుగుతారు. అడగడంలో తప్పు లేదు, చూడ్డానికి అలాగే కనిపిస్తుంది. మా పాలమూరు చేలల్లో బోరు స్టార్టర్ డబ్బాలో వైరు మెలిపెట్టి టేపు చుట్టినా ఏళ్ల తరబడి నడుస్తుంది, ఎందుకంటే అక్కడ వణుకు తక్కువ. పట్టు వదిలితే మోటారు ఆగుతుంది, మనిషి పోయి సరిచేసి వస్తాడు. ఇంజిన్ తిరిగినంతసేపూ విమానంలో ప్రతి వైరూ వణుకుతూనే ఉంటుంది. సోల్డర్ కరిగినప్పుడు పోగుల మధ్య నుంచి ఇన్సులేషన్ కిందికి పాకి, అంతమేరా వైరును గట్టి కడ్డీలా చేస్తుంది. ఆ గట్టితనం ఆగి మెత్తటి వైరు మొదలయ్యే చోటే వంపు అంతా పడుతుంది. చేనులో రబ్బరు పైపు ఇనుప గొట్టానికి తొడిగిన అంచు దగ్గరే చీలినట్టు, వైరు అక్కడే ఒక్కో పోగుగా తెగిపోతుంది. సరిగ్గా నొక్కిన క్రింప్‌లో వేడి ఉండదు, పాకే సీసం ఉండదు. పోగులూ పిన్ గోడా ఒకదానికొకటి ఒత్తుకుని గాలి దూరని ముద్దలా అవుతాయి. ఆ ఒత్తిడి సరిగ్గా పడాలంటే ప్రతిసారీ ఒకే లోతుకు నొక్కాలి. కటింగ్ ప్లయర్ పట్టిన చేతికి అది సాధ్యం కాదు, పొద్దున ఉన్న బలం సాయంత్రం ఉండదు. రాట్చెట్‌కు పొద్దునైనా సాయంత్రమైనా ఒకటే.

ఒక ఎండాకాలం సాయంత్రం, హ్యాంగర్‌లో రేకులు ఇంకా సెగలు కక్కుతుంటే, ఒక తమ్ముడు హ్యాండిల్ సగం నొక్కి ఆపేసి నా దగ్గరికి తెచ్చాడు. "అన్నా, ఇది ఇడుస్తలేదు, ఖరాబైందా?" అన్నాడు. వైరు పక్కకు జరిగిందని అనుమానం వచ్చి వెనక్కి తీయబోయాడట. పూర్తిగా నొక్కించాను. బయటికి వచ్చిన పిన్నును కత్తిరించి పారేయించాను. వైరు కొస కొత్తగా ఒలిచి, కొత్త పిన్ పెట్టించాను. ప్లయర్ అయితే ఆ పిల్లవాడు వదిలేసి, వైరు సర్ది, అదే పిన్నును రెండోసారి నొక్కేవాడు. పైకి చక్కగానే కనిపించేది. ఆ అవకాశమే ఇవ్వదు కాబట్టే నాకు ఈ టూల్ మీద అంత నమ్మకం.

ఆ నమ్మకానికి హద్దు ఎక్కడో చూపించిన సంగతి ఒకటి ఉంది. అది వివరంగా చెప్పాలి.

ఒక శిక్షణ విమానానికి వేరే చోట కొత్త రేడియో ప్యానెల్ వేయించారు. ఎక్కడ చేయించారో రాయను. మా దగ్గరికి అది ఒకే ఒక్క ఫిర్యాదుతో వచ్చింది: పైకి ఎక్కుతున్నప్పుడు, ఫుల్ పవర్ మీద, ఒక్కోసారి మాట పోతోంది. టవర్ వాళ్లకు క్యారియర్, అంటే మాటను మోసే రేడియో తరంగం, అందుతోంది, గొంతు మాత్రం వినిపించడం లేదు. నేల మీద ఎన్నిసార్లు పరీక్షించినా చక్కగా పనిచేస్తోంది. శిక్షణలో ఉన్న పిల్లలకు ఇది ఎంత టెన్షనో ఆలోచించండి. ఒంటరిగా ఎగురుతున్నప్పుడు బటన్ నొక్కి మాట్లాడితే అవతలి నుంచి జవాబు ఉండదు.

క్యారియర్ వెళ్తోందంటే మాట్లాడే బటన్ లైను బాగానే ఉన్నట్టు. పోతున్నది మైక్ లైన్. మొదట హెడ్‌సెట్ మార్చారు, ఫలితం లేదు. మైక్ జాక్ దగ్గర ప్యానెల్‌కు తగలకుండా ఉండాల్సిన ఇన్సులేటింగ్ వాషర్లు చూశాం, ఉన్నాయి. రేడియో డబ్బా తీసి వేరేది పెట్టి ఎగిరితే మళ్లీ అదే కథ. అప్పుడు మా సీనియర్ సార్ బాండింగ్, అంటే విమానం లోహ భాగాల మధ్య కరెంటుకు మంచి దారి ఉందా అన్నది, చూడమన్నారు. ఇంజిన్ రబ్బరు మౌంట్ల మీద కూర్చుంటుంది కాబట్టి ఇంజిన్‌కూ ఫ్రేమ్‌కూ మధ్య బాండింగ్ జంపర్ (రెండిటినీ కలిపే లోహపు పట్టీ) ఉండాలి. అది వదులైతే స్టార్టర్ తీసుకునే కరెంటు తిరుగుదారి కోసం కంట్రోల్ కేబుళ్ల మీద పడుతుంది, రేడియోల్లో రకరకాల గోల మొదలవుతుంది. మామూలు మల్టీమీటర్‌తో దీన్ని కొలవలేం, ఆ మీటర్ తీగల నిరోధమే మనం వెతికే అంకె కంటే చాలా ఎక్కువ. నాలుగు తీగల మిల్లీఓమ్ మీటర్ పెట్టాం. అమెరికా విమానయాన సంస్థ ఎఫ్ఏఏ 1998లో తెచ్చిన 43.13-1బి పుస్తకంలో బాండింగ్‌కు చెప్పిన హద్దు 0.003 ఓమ్. మాకు వచ్చింది దానికి లోపలే. పెయింట్ గోకి, మెటల్ మెరిసేలా చేసి వేసిన జాయింట్ అది, ఎవరు చేశారో గానీ బాగా చేశారు. గోల వేరు, మాట పూర్తిగా పోవడం వేరు కాబట్టి నాకు మొదటి నుంచీ దాని మీద అనుమానం తక్కువే. అయినా చూడటం మంచిదైంది, ఒక దారి మూసుకుంది.

ఇక మిగిలింది రేడియో వెనక డి-సబ్ కనెక్టర్. వైరు తెగకుండా ఉందా అని బీప్‌తో చెప్పే కంటిన్యుటీ పరీక్ష పెడితే మీటర్ ఒక్కసారి కూడా తప్పలేదు. కనెక్టర్ వెనక కప్పు (బ్యాక్‌షెల్) విప్పి, మీటర్ అలాగే ఉంచి, వైరు కట్టను వేలితో అటూ ఇటూ వంచాను. ఒక వంపు దగ్గర బీప్ ఆగింది. మళ్లీ వచ్చింది. మైక్ ఆడియో వైరును మెల్లగా లాగితే వైరు ఒక్కటే చేతికి వచ్చేసింది, పిన్ లోపలే ఉండిపోయింది.

ఎక్స్‌ట్రాక్షన్ టూల్‌తో ఆ పిన్ బయటికి తీసి భూతద్దం కింద పెట్టాం. నొక్కులు ఎంత చక్కగా పడ్డాయో చూసి ఆశ్చర్యపోయాను. నాలుగు వైపులా ఒకే లోతు, ఒకే వరుస. ప్లయర్ పని కాదు. నా దగ్గరున్నలాంటి టూల్‌తోనే, పూర్తి సైకిల్‌తో నొక్కిన పిన్. కానీ పిన్ పక్కన ఉండే చిన్న రంధ్రం, ఇన్‌స్పెక్షన్ హోల్, ఖాళీ. అందులోంచి రాగి పోగులు కనిపించాలి. ఒక్కటీ కనిపించలేదు. వైరు కొస చూస్తే విషయం తేలిపోయింది. ఒలిచింది తక్కువ. ఇన్సులేషన్ వచ్చి పిన్ మూతికి ఆనుకుంది, లోపల పోగులు అడుగుదాకా పోనేలేదు. నొక్కులు పోగుల చివరి కొసలను మాత్రమే పట్టుకున్నాయి. నేల మీద ఆ పట్టు చాలింది. ఫుల్ పవర్ వణుకుకు చాలలేదు. అదే కనెక్టర్‌లో మిగతావన్నీ తీసి చూస్తే ఇంకొన్ని అలాంటివే బయటపడ్డాయి. అన్నిటినీ కత్తిరించి మళ్లీ చేశాం. ఆ ఫిర్యాదు తర్వాత రాలేదు.

నన్ను ఎక్కువగా బాధపెట్టింది ఏమిటంటే, ఆ పని చేసినవాళ్ల దగ్గర మంచి టూల్ ఉంది. డబ్బు పెట్టారు. ఆ రంధ్రంలోకి ఒక్కసారి చూసి ఉంటే చాలు. పిన్నుకు రెండు సెకన్లు కూడా పట్టని పని.

కాబట్టి పైన చెప్పిన మెప్పును కొంచెం సరిదిద్దుకోవాలి. రాట్చెట్ హామీ ఇచ్చేది హ్యాండిల్ చివరిదాకా వచ్చిందని మాత్రమే. వైరు లోపలికి వెళ్లిందా లేదా దానికి తెలియదు. సెలెక్టర్ ఏ అంకె మీద ఉందో దానికి పట్టదు. 22 గేజ్ వైరు పెట్టి వేరే గేజ్ అంకె మీద ఉంచినా అంతే నమ్మకంగా నొక్కి వదులుతుంది. నొక్కు లోతైతే పోగులు తెగుతాయి, లోతు తక్కువైతే వైరు జారుతుంది. పిన్ ఎంత లోతుకు దిగాలో పట్టి ఉంచే ముక్క, పొజిషనర్, తప్పైతే ఇంకా ఘోరం. డి-సబ్ 20 సైజు పిన్నులకు నేను వాడేది కే13-1. దాని మీదే ఏ గేజ్‌కు ఏ అంకో పట్టిక చెక్కి ఉంటుంది. వేరే పొజిషనర్ తగిలిస్తే పిన్ ఎక్కువో తక్కువో లోపలికి దిగి, నొక్కు పడాల్సిన చోట కాకుండా ఇంకెక్కడో పడుతుంది. అప్పుడు కూడా రాట్చెట్ టక్కున వదులుతుంది. ఆ చప్పుడు విని పని అయిపోయిందనుకోవడం ఈ టూల్‌లో ఉన్న అసలు ప్రమాదం. ప్లయర్‌తో చేసేవాడు కనీసం అనుమానంతో లాగి చూస్తాడు.

ఒలవడం గురించి కూడా రెండు మాటలు. టెఫ్‌జెల్ ఇన్సులేషన్ పలచగా, గట్టిగా ఉంటుంది. బజార్లో దొరికే స్ట్రిప్పర్‌తో లాగితే పోగుల మీద గీత పడుతుంది. మేం వాడే 22 గేజ్ వైరులో 19 పోగులు ఉంటాయి, గీత పడ్డ పోగు వణుకుకు మొదట తెగేది. టూల్ మీద పెట్టిన డబ్బులో కొంతైనా మంచి స్ట్రిప్పర్ మీద పెట్టకపోతే పైన చెప్పిందంతా వృథా. నా మాట అడిగితే మొదట కొనాల్సింది స్ట్రిప్పరే.

మన్నిక విషయంలో నాకు ఫిర్యాదు లేదు. మా ప్రాంతంలో ఎండాకాలం ఎర్రదుమ్ము హ్యాంగర్ లోపలికి కూడా వస్తుంది, ఆ దుమ్ములోనే ఇన్నాళ్లూ పనిచేసింది. నొక్కే కొనలను చిన్న బ్రష్‌తో తుడుస్తాను, అంతే. కొంతమంది కుట్టు మిషన్‌కు పోసినట్టు నూనె కొడతారు. అది వద్దు. నూనె కొట్టొద్దనీ, విప్పొద్దనీ తయారుచేసినవాళ్లే చెప్తారు. నూనెకు దుమ్ము అంటుకుంటే లోపల ఏమవుతుందో మా పాలమూరు వాళ్లకు చెప్పనక్కర్లేదు. ఒక్క లోటు ఉంది. సెలెక్టర్ నాబ్ ఎత్తి తిప్పాలి, చిన్న అంకెలు. సాయంత్రం వెలుతురు తగ్గితే నలభై దాటిన కళ్లకు కనిపించవు. నేను టార్చ్ వేసి చూస్తాను, పక్కవాడిచేత కూడా చదివిస్తాను.

కొనాలా వద్దా అంటే, అది మీరు చేసే పనిని బట్టి ఉంటుంది. నాకు రోజూ ఇదే పని, పైగా లాగ్‌బుక్‌లో సంతకం పడే పని, కాబట్టి పెట్టిన డబ్బుకు బాధ లేదు. ఎప్పుడో ఒకసారి నాలుగు పిన్నులు నొక్కేవాళ్లకు ఇంత ఖర్చు అనవసరం, తెలిసినవాళ్ల దగ్గర కూర్చుని చేసుకోవచ్చు. వ్యవసాయ డ్రోన్ల రిపేరు చేసే మా బామ్మర్ది అడిగితే కూడా వద్దన్నాను. అతని చేతికి వచ్చే కనెక్టర్లు వేరే రకం, వాటికి వేరే టూల్ కావాలి. సెకండ్ హ్యాండ్ తీసుకునేవాళ్లు మాత్రం గో, నో-గో గేజ్ (టూల్ సరైన లోతుకే నొక్కుతోందా అని చూసే, రెండు కొసలున్న కొలత పరికరం) వెంట తీసుకుపొండి. సెలెక్టర్ 4 మీద పెట్టి, హ్యాండిల్ పూర్తిగా మూసి పట్టుకుని, గో వైపు దూరాలి, నో-గో వైపు దూరకూడదు. గేజ్‌ను లోపల పెట్టి నొక్కొద్దు, గేజ్ పాడవుతుంది. కాలిబ్రేషన్ స్టిక్కర్ మీద తేదీ కొత్తగా ఉన్నా ఈ పరీక్ష చేయండి. చేయనివ్వని మనిషి దగ్గర ఎంత తక్కువకు వచ్చినా కొనొద్దు.